మట్‌లో లక్ష మెయిల్స్ దాటిన ఐమ్యాప్ ఇన్‌బాక్స్ తెరవడానికి నాలుగు నిమిషాలు పడుతోంది, ఎలా తగ్గించాలి?

పలాస_పిక్కలు:

అందరికీ నమస్కారం. పలాసలో జీడిపప్పు యూనిట్ ఆఫీసు మెయిల్ చూసే లాప్‌టాప్ గురించి అడుగుతున్నాను. పాత ఐ3, 4 జీబీ ర్యామ్, డెబియన్ లినక్స్, టెర్మినల్‌లో మెయిల్ చదివే ప్రోగ్రామ్ మట్ 2.2. బ్రౌజర్ తెరిస్తే మెషీన్ కదలదు కాబట్టి మెయిలంతా టెర్మినల్‌లోనే. అకౌంట్లు రెండు. ఒకటి సొంత డొమైన్‌ది. అద్దె సర్వర్ మీద డవ్‌కాట్ 2.3 అనే ఐమ్యాప్ ప్రోగ్రామ్ (మెయిల్‌ని సర్వర్‌లోనే ఉంచి చూపేది) నడుస్తోంది, దాని ఇన్‌బాక్స్‌లోనే 1,10,000 మెయిల్స్ ఉన్నాయి. రెండోది జీమెయిల్, 38,000 దాకా. నెట్ ఫోన్ హాట్‌స్పాట్ మీదే, బాగున్నప్పుడు 4 ఎంబీపీఎస్.

ఇన్‌బాక్స్ తెరిచిన ప్రతిసారీ "ఫెచింగ్ మెసేజ్ హెడర్స్" అని నాలుగు నిమిషాలు లెక్క తిరుగుతుంది. అది అయ్యాక కూడా పేజీ కిందికి జరిపితే ఒక్కో పేజీకి పది ఇరవై సెకన్లు ఆగుతుంది. ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి వెళ్తే మూడు నాలుగు సెకన్లు. పాత రేట్ల కోసం మెయిల్ లోపల "డబ్ల్యూ320" (జీడిపప్పు గ్రేడ్) అని వెతికితే ఎప్పటికీ తేలదు. కాసేపు వదిలేసి వస్తే కనెక్షన్ తెగిపోయి ఉంటుంది, మళ్ళీ మొదటి నుంచి నాలుగు నిమిషాలు.

మట్ సెట్టింగ్స్ ఫైల్ మట్‌ఆర్‌సిలో సర్వర్ వివరాలు కాక ఉన్నవి రెండే. మెయిల్‌బాక్సెస్ లైన్‌లో పార్టీల పేర్లతో 40 ఫోల్డర్లు, అటాచ్‌మెంట్ల సంఖ్య కనపడేలా నెట్‌లో దొరికిన ఒక ఇండెక్స్_ఫార్మాట్ (మెయిల్స్ జాబితాలో ఒక్కో వరుస ఎలా ఉండాలో చెప్పే లైన్). మట్ వదిలి ఇంకోటి చూసుకోవాలా, లేక దీన్నే దారికి తేవచ్చా?

ఇజీనారం_టెర్మినల్:

మట్ వదలక్కర్లేదు. మీరు చెప్పిన నెమ్మదులు ఐదు, వాటి కారణాలు వేర్వేరు. అన్నిటికీ ఒకే సెట్టింగ్ వెతికితే దొరకదు. తెరవడం సంగతి నేను చెప్తాను. (సెట్టింగ్ పేర్లు తెలుగులో రాస్తున్నాను. ఫైల్‌లో మామూలుగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, అండర్‌స్కోర్‌తో కొట్టండి.)

హెడర్ క్యాష్ (మెయిల్ పైభాగంలోని పంపినవారు, సబ్జెక్ట్, తేదీ వివరాల నకలు లాప్‌టాప్‌లో దాచుకోవడం) పెట్టకపోతే మట్ తెరిచిన ప్రతిసారీ అన్ని మెయిల్స్ హెడర్లనూ సర్వర్ నుంచి కొత్తగా తెచ్చుకుంటుంది. ఒక్కో మెయిల్‌కి సుమారు 1 కేబీ అనుకున్నా 1,10,000కి 110 ఎంబీ. 4 ఎంబీపీఎస్ అంటే సెకనుకి అర ఎంబీ, కాబట్టి 220 సెకన్లు. మీ నాలుగు నిమిషాలు అక్కడివే.

ముందు టెర్మినల్‌లో మట్ -వి కొట్టి ఆ జాబితాలో హెచ్‌క్యాష్ ముందు ప్లస్ ఉందో మైనస్ ఉందో చూడండి. డెబియన్ ప్యాకేజీలో ప్లస్సే ఉంటుంది. తర్వాత హోమ్‌లోని డాట్ క్యాష్ కింద మట్ అని, దాని కింద హెడర్స్, బాడీస్ అని రెండు డైరెక్టరీలు ముందే చేసిపెట్టండి. ఈ "ముందే" దగ్గరే ఎక్కువమందికి తేడా వస్తుంది. మీరిచ్చిన దారి డైరెక్టరీ అయితే ఫోల్డర్‌కి ఒక క్యాష్ ఫైల్ తయారవుతుంది. డైరెక్టరీ కాకపోతే అన్నిటికీ కలిపి ఒకే ఫైల్ చేస్తుంది. పై డైరెక్టరీ కూడా లేకపోతే క్యాష్ తయారే కాదు, మళ్ళీ అదే నాలుగు నిమిషాలు. అప్పుడు "క్యాష్ పెట్టినా లాభం లేదు" అనిపిస్తుంది.

సెట్ హెడర్_క్యాష్ = హెడర్స్ డైరెక్టరీ దారి
సెట్ మెసేజ్_క్యాష్‌డిర్ = బాడీస్ డైరెక్టరీ దారి
సెట్ మెసేజ్_క్యాష్_క్లీన్ = ఎస్
సెట్ ఐమ్యాప్_క్యూరీసింక్ = ఎస్
సెట్ ఐమ్యాప్_డిఫ్లేట్ = ఎస్
సెట్ ఐమ్యాప్_ఫెచ్_చంక్_సైజ్ = 1000

మొదటి లైన్ హెడర్లకి. రెండోది మెయిల్ మొత్తానికి, ఒకసారి తెరిచిన పీడీఎఫ్ మళ్ళీ నెట్ మీద రాదు. మూడోది సర్వర్‌లో పోయిన మెయిల్స్‌ని క్యాష్‌లోంచి కూడా తీసేస్తుంది.

క్యూరీసింక్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. హెడర్ క్యాష్ ఒక్కటే ఉంటే హెడర్లు మళ్ళీ తేదు గానీ, ఏ మెయిల్ చదివారు, ఏది పోయింది అని ప్రతి మెయిల్ గురించీ సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ ఇలాంటి లైన్లు పంపుతుంది:

* 48213 ఫెచ్ (యూఐడి 91007 ఫ్లాగ్స్ (\సీన్))

లైన్ 50 బైట్లే. 1,10,000 లైన్లంటే 5.5 ఎంబీ, అంటే మీ నెట్ మీద 11 సెకన్లు. నాలుగు నిమిషాల కన్నా మేలే, కానీ అదీ ప్రతిసారీ. క్యూరీసింక్ ఉంటే మట్ "కిందటిసారి ఇక్కడిదాకా చూశాను, తర్వాత మారినవి మాత్రం చెప్పు" అని అడుగుతుంది. అప్పుడు వచ్చేది కొన్ని కేబీలే. ఇది 2014 నాటి ఆర్‌ఎఫ్‌సి 7162 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది, డవ్‌కాట్‌కి వచ్చు. హెడర్ క్యాష్ లేకుండా ఇది పనిచేయదు. మట్ మాన్యువల్ దీన్ని ఇంకా ప్రయోగ దశలోదే అంటుంది కాబట్టి, ఎప్పుడైనా ఒకే మెయిల్ రెండుసార్లు కనపడినా, ఉండాల్సింది కనపడకపోయినా ఆ ఒక్క ఫోల్డర్ క్యాష్ ఫైల్ తీసేసి మళ్ళీ తెరవండి. సర్వర్‌లో మెయిల్‌కి ఏమీ కాదు.

డిఫ్లేట్ కుదింపు. హెడర్లలో ఒకే మాటలు పదేపదే వస్తాయి కాబట్టి బాగా కుదించుకుపోతాయి, సన్నని లైన్ మీద ఈ తేడా తెలుస్తుంది. అయితే డవ్‌కాట్ 2.3 దీన్ని తనంతట తాను ఇవ్వదు. ప్రోటోకాల్ ఐమ్యాప్ విభాగంలో మెయిల్_ప్లగిన్స్ లైన్‌కి ఐమ్యాప్_జడ్‌లిబ్ చేర్చి రీలోడ్ చేయాలి. సర్వర్ మీదే కాబట్టి ఇది మీ చేతిలో పనే. లాగిన్ అయ్యాక సర్వర్ తనకు ఏమేం వచ్చో చెప్పే క్యాపబిలిటీ లైన్‌లో కంప్రెస్=డిఫ్లేట్, క్యూరీసింక్ రెండూ కనపడాలి. లాగిన్‌కి ముందు చూస్తే డవ్‌కాట్ పొట్టి జాబితానే చూపిస్తుంది, దాన్ని చూసి లేవనుకోకండి. మట్ -డి 2 అని నడిపితే సంభాషణంతా హోమ్‌లో మట్‌డీబగ్0 అనే దాపుడు ఫైల్‌లోకి వస్తుంది, అక్కడ వెతకండి. ఆ ఫైల్‌ని మాత్రం అలాగే ఇక్కడ పెట్టొద్దు, మీ పార్టీల మెయిల్ అడ్రస్‌లు అందులో ఉంటాయి.

మొదటిసారి హెడర్లన్నీ ఎలాగూ రావాలి. దానికి ఒక్కసారి మంచి లైన్ ఉన్నచోట కూర్చోండి. అది మధ్యలో తెగితే మళ్ళీ మొదటికి రావచ్చు. చంక్ సైజ్ పెట్టమన్నది ఆ మొదటి విడత కోసమే. లక్ష హెడర్లూ ఒకే కమాండ్‌లో అడగకుండా వెయ్యేసి చొప్పున అడుగుతుంది, టైమౌట్ వచ్చే అవకాశం తగ్గుతుంది.

బొబ్బిలి_షెల్:

పైన చెప్పినవన్నీ సరే. పేజీ జరిపితే ఆగడం మాత్రం క్యాష్ పెట్టినా పూర్తిగా పోదు. ఏటంటే, అది మీ ఇండెక్స్_ఫార్మాట్ పని. అందులో పర్సెంట్ పక్కన పెద్ద ఎక్స్ ఉంటుంది చూడండి, అదే అటాచ్‌మెంట్ల సంఖ్య. ఆ సంఖ్య హెడర్‌లో ఉండదు. మెయిల్ మొత్తం దించి, భాగాలు విడదీసి లెక్కపెడితే గానీ తెలీదు. స్క్రీన్ మీద 40 వరుసలుంటే 40 మెయిల్స్‌నీ ఇన్వాయిస్‌లతో, ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీలతో సహా దించుతుంది. ఒక్కోటి 200 కేబీ వేసుకున్నా పేజీకి 8 ఎంబీ, మీ నెట్‌కి 16 సెకన్లు. సరిగ్గా మీరు చెప్పిన పది ఇరవై సెకన్లే. ఆ ఎక్స్ తీసేయండి. అటాచ్‌మెంట్ ఉందో లేదో అందాజుగా తెలియాలంటే సైజు కాలమ్, అంటే పర్సెంట్ చిన్న సి, చాలు. 300 కేబీ మెయిల్‌లో ఏదో ఒకటి ఉంటుంది కదా.

ఇదే జబ్బు ఇంకో రెండు చోట్ల దాక్కుంటుంది. కలర్ ఇండెక్స్ లైన్లలో, స్కోర్ లైన్లలో టిల్డా హెచ్ (హెడర్లలో వెతకడం), టిల్డా బి (మెయిల్ లోపల వెతకడం), టిల్డా పెద్ద ఎక్స్ (అటాచ్‌మెంట్ల సంఖ్య) లాంటివి ఉంటే ప్రతి మెయిల్ కోసం సర్వర్‌కి వెళ్ళాలి. కలర్ అయితే కనపడే వరుసలకే. స్కోర్ అయితే ఫోల్డర్ తెరిచిన వెంటనే మొత్తానికి. నెట్‌లో దొరికిన రంగుల ఫైల్ ఏది పెట్టుకున్నా ముందు ఇవి ఉన్నాయేమో వెతకండి. టిల్డా ఎఫ్ (పంపినవారు), టిల్డా ఎస్ (సబ్జెక్ట్), టిల్డా డి (తేదీ) లాంటి వాటికి ఖర్చు లేదు, అవి క్యాష్‌లోంచే తేలిపోతాయి.

ఇక వెతకడం. టిల్డా బి పెట్టి వెతికితే మట్ 1,10,000 మెయిల్స్‌నీ ఒక్కోటీ దించి లోపల చూస్తుంది. హాట్‌స్పాట్ మీద అది తెల్లారేదాకా సాగినా ఆశ్చర్యం లేదు. టిల్డా బదులు ఈక్వల్ గుర్తు పెట్టండి: ఎల్ నొక్కి, ఈక్వల్ బి, ఖాళీ, డబ్ల్యూ320. ఇప్పుడు వెతికేది సర్వర్, మీకు వచ్చేది దొరికిన మెయిల్స్ నంబర్లే. ఈక్వల్ హెచ్ అంటే హెడర్లలో అలాగే. మీ డవ్‌కాట్‌లో ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్ లేకపోతే సర్వర్ కూడా ఫైల్ ఫైల్ తెరిచి చూడాలి కాబట్టి మొదట్లో కాస్త ఆగుతుంది, కానీ ఆ శ్రమ సర్వర్ డిస్క్‌ది, మీ నెట్‌ది కాదు. సర్వర్‌లో ర్యామ్ ఉంటే ఆ ఇండెక్స్ కట్టే ఎఫ్‌టీఎస్ ప్లగిన్ పెట్టించుకుంటే అదీ తీరిపోతుంది.

పలాస_పిక్కలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎక్స్ తీశాక పేజీలు ఆగకుండా జరుగుతున్నాయి. డైరెక్టరీలు చేసి, ఐమ్యాప్_జడ్‌లిబ్ చేర్చాక డవ్‌కాట్ ఇన్‌బాక్స్ రెండోసారి నుంచి రెండు సెకన్లలోపే తెరుచుకుంటోంది. ఈక్వల్ బి కూడా పనిచేస్తోంది.

మిగిలినవి రెండు. జీమెయిల్‌కి క్యూరీసింక్ లేదని లాగ్‌లో కనపడింది, మారిన గుర్తులు మాత్రమే అడిగే కండ్‌స్టోర్ మాత్రం ఉంది. ఐమ్యాప్_కండ్‌స్టోర్ = ఎస్ పెడితే అంతకు ముందుకన్నా నెమ్మదైంది. ఇది మామూలేనా? ఇంకా ఫోల్డర్ మారేటప్పుడు ఆగడం, కనెక్షన్ తెగడం అలాగే ఉన్నాయి.

నాగావళి_993:

మామూలే. కండ్‌స్టోర్ పెడితే జీమెయిల్ ఇంకా నెమ్మదిస్తుందని మట్ మాన్యువల్‌లోనే రాసి ఉంది. ఆ లైన్ తీసేయండి. జీమెయిల్‌కి హెడర్ క్యాష్, డిఫ్లేట్ చాలు. మిగతాది జీమెయిల్ సెట్టింగ్స్‌లోనే తగ్గించుకోవాలి. లేబుల్స్ పేజీలో ఆల్ మెయిల్ ఎదురుగా ఉన్న "షో ఇన్ ఐమ్యాప్" టిక్ తీసేయండి. లేబుల్ ఉన్న ప్రతి మెయిల్ ఆ లేబుల్‌లోనూ, ఆల్ మెయిల్‌లోనూ రెండుచోట్లా కనపడుతుంది కాబట్టి అది పనికిరాని బరువు. ఫార్వర్డింగ్, ఐమ్యాప్ పేజీలో ఫోల్డర్‌కి ఇన్ని మెయిల్స్ మించకూడదు అనే ఎంపిక ఉంది: 1,000, 2,000, 5,000, 10,000. 5,000 పెడితే మట్‌కి కొత్త 5,000 మాత్రమే కనపడతాయి, పాతవి జీమెయిల్‌లో ఎక్కడివక్కడే ఉంటాయి. కాకపోతే ఈక్వల్ బి కూడా ఆ 5,000లోనే వెతుకుతుంది. పాత రేట్లు జీమెయిల్‌లో ఉంటే ఈ ఎంపిక ముట్టుకోవద్దు.

ఫోల్డర్ మారేటప్పుడు ఆగడానికి రెండు కారణాలు. స్లీప్_టైమ్ అని ఒకటుంది, డిఫాల్ట్ 1. ఫోల్డర్ మారినప్పుడు, ఎక్స్‌పంజ్ (డిలీట్ గుర్తున్న మెయిల్స్‌ని పూర్తిగా తీసేయడం) అయ్యాక కింద వచ్చే సందేశం మీరు చదువుకోవడానికి మట్ కావాలనే సెకను ఆగుతుంది. సెట్ స్లీప్_టైమ్ = 0. ఇది నెట్‌కి సంబంధం లేని సెకను, ఎందుకు పోగొట్టుకోవాలి?

రెండోది మీ 40 ఫోల్డర్లు. మెయిల్_చెక్ డిఫాల్ట్ 5 సెకన్లు, అంటే మీరు మీటలు నొక్కుతున్నంతసేపూ "కొత్తవి వచ్చాయా" అని 40 స్టేటస్ కమాండ్లు పదేపదే వెళ్తుంటాయి. మట్ వాటిని 15 చొప్పున కలిపి పంపుతుంది కాబట్టి మూడు విడతలు. పెద్ద ఫోల్డర్లకి జవాబు ఇవ్వడానికి సర్వర్‌కి కూడా టైం పడుతుంది. అందరు పార్టీల ఫోల్డర్లలోనూ నిమిషానికోసారి మెయిల్ పడదు కదా. రోజూ కదిలే నాలుగైదు మాత్రం మెయిల్‌బాక్సెస్ లైన్‌లో ఉంచి, మెయిల్_చెక్ 120 చేయండి. మిగతా ఫోల్డర్లకి సి నొక్కి పేరు కొట్టి వెళ్ళొచ్చు, ట్యాబ్ నొక్కితే పేరు పూర్తవుతుంది. ఐమ్యాప్_చెక్_సబ్‌స్క్రైబ్డ్ ఎస్ అని ఉంటే నో చేయండి, లేకపోతే తీసేసిన ఫోల్డర్లన్నీ దొడ్డిదారిన మళ్ళీ జాబితాలోకి వస్తాయి. ఐమ్యాప్_ఐడిల్ = ఎస్ పెడితే తెరిచి ఉన్న ఫోల్డర్‌లో కొత్త మెయిల్ పడగానే సర్వరే చెప్తుంది.

తెగడం గురించి. మొబైల్ నెట్‌వర్క్‌లో కాసేపు కదలిక లేని కనెక్షన్‌ని మధ్యలోనే వదిలేస్తారు, ఇటు మట్‌కీ అటు సర్వర్‌కీ ఆ సంగతి తెలీదు. ఊరికే ఉన్నా మట్ సర్వర్‌ని ఎన్ని సెకన్లకోసారి పలకరించాలో చెప్పే ఐమ్యాప్_కీప్అలైవ్ డిఫాల్ట్ 300 సెకన్లు, దాన్ని 60 చేయండి. జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే ఐమ్యాప్_పోల్_టైమౌట్ 15 ఉంటుంది, 45 చేయండి. హాట్‌స్పాట్ ఒక్కోసారి ఇరవై సెకన్లు గుటకలు మింగి మళ్ళీ లేస్తుంది, ఆ మాత్రానికే మట్ తెంచుకోకూడదు.

ఇంకో మాట. 1,10,000 ఒకే ఇన్‌బాక్స్‌లో ఉంచడం ఎందుకు? ఆర్థిక సంవత్సరం చొప్పున విడదీయండి. పెద్ద టి నొక్కి టిల్డా డి 01/04/2019-31/03/2020 అని ఇస్తే ఆ ఏడాదివన్నీ ట్యాగ్ అవుతాయి. తర్వాత సెమికోలన్, ఎస్ నొక్కి అదే సర్వర్‌లో 2019-20 పేరున్న ఫోల్డర్ ఇవ్వండి. ఒకే అకౌంట్ లోపల కాబట్టి కాపీ సర్వర్‌లోనే జరిగిపోతుంది, మెయిల్ మీ దాకా వచ్చి వెళ్ళదు. కొత్త ఫోల్డర్ తెరిచి సంఖ్య సరిచూసుకున్నాకే ఇన్‌బాక్స్‌కి తిరిగొచ్చి డాలర్ నొక్కండి, అనే కన్నా ఇలా చేస్తే మేలు: ఎస్ బదులు పెద్ద సి వాడండి. ఎస్ అయితే అసలుది డిలీట్ గుర్తుతో ఉంటుంది, ఫోల్డర్ మారేటప్పుడు ఎక్స్‌పంజ్ చేయనా అని అడుగుతుంది. పెద్ద సి కాపీ మాత్రమే చేస్తుంది. సంఖ్య కుదిరాక పెద్ద డి, అదే తేదీల ప్యాటర్న్, ఆ తర్వాత డాలర్. లెక్కల మెయిల్స్ కాబట్టి ఈ వరుస తప్పొద్దు.

బొబ్బిలి_షెల్:

ఇవన్నీ చేసినా హాట్‌స్పాట్ పడుకుంటే మెయిలూ పడుకుంటుంది. నా మాటైతే సర్వర్ మెయిల్స్ నకలు దించే ఎంబిసింక్ పెట్టి మెయిల్స్ లాప్‌టాప్‌లోనే మెయిల్‌డిర్‌గా (మెయిల్‌కి ఒక ఫైల్ చొప్పున) ఉంచుకోండి, మట్ ఆ డైరెక్టరీని చదువుతుంది. తుఫాను వచ్చి టవర్లు పడిపోయినా పాత మెయిల్ చేతిలో ఉంటుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తీరం దాటింది మీ పలాస దగ్గరే కదా, వేరే చెప్పాలా.

డెబియన్‌లో ప్యాకేజీ పేరు ఐసింక్, నడిపే కమాండ్ ఎంబిసింక్. ముందు సర్వర్‌లో డియు (డిస్క్ వాడకం చూపే కమాండ్) కొట్టి మెయిల్ మొత్తం ఎంతుందో చూడండి. 12 జీబీ ఉందనుకుంటే మీ 4 ఎంబీపీఎస్ మీద ఆరు గంటల నలభై నిమిషాలు, అదీ లైన్ ఆగకుండా ఉంటే. ఎంబిసింక్ మధ్యలో తెగినా, కరెంటు పోయినా ఫరవాలేదు, ఎక్కడిదాకా వచ్చిందో జర్నల్ రాసుకుంటుంది, మళ్ళీ నడిపితే అక్కడి నుంచి అందుకుంటుంది. అకౌంట్ విభాగంలో టైమౌట్ డిఫాల్ట్ 20 సెకన్లు, 120 చేయండి. మొదటి విడతలో సింక్ పుల్, ఎక్స్‌పంజ్ నన్, క్రియేట్ నియర్ అని ఉంచండి, అప్పుడు మీ వైపు నుంచి ఏ పొరపాటూ సర్వర్‌కి చేరదు. అంతా వచ్చాక సింక్ ఆల్‌కి మార్చుకోవచ్చు. పాత పోస్టుల్లో మాస్టర్, స్లేవ్ అని కనపడితే అవే ఇప్పటి ఫార్ (ఇక్కడ సర్వర్), నియర్ (లాప్‌టాప్).

జీమెయిల్‌కి ప్యాటర్న్స్ లైన్‌లో ఆల్ మెయిల్‌ని ఆశ్చర్యార్థకంతో తప్పించండి, లేకపోతే లేబుల్ ఉన్న ప్రతి మెయిల్ డిస్క్ మీద రెండుసార్లు ఉంటుంది. గూగుల్ తన వర్క్‌స్పేస్ అకౌంట్లకి ప్రకటించిన ఐమ్యాప్ డౌన్‌లోడ్ పరిమితి రోజుకి 2,500 ఎంబీ. అది దాటితే అకౌంట్‌నే కాసేపు ఆపేస్తారు, కాబట్టి ఒక్క రాత్రిలో మొత్తం లాగేయాలని చూడకుండా లేబుల్ లేబుల్‌గా తెచ్చుకోండి.

మెయిల్‌డిర్ మీద కూడా హెడర్_క్యాష్ ఉంచండి. లేకపోతే తెరిచిన ప్రతిసారీ లక్ష ఫైళ్ళు విప్పి చూడాలి, పాత హార్డ్‌డిస్క్ మీద అది ఐమ్యాప్ కన్నా అన్యాయం. వెతకడానికి నాట్‌మచ్ (మెయిల్స్‌కి ఇండెక్స్ కట్టి వెతికే ప్రోగ్రామ్). మొదటి నాట్‌మచ్ న్యూ చాలాసేపు నడుస్తుంది, తర్వాత కొత్తవి మాత్రమే చేర్చుకుంటుంది. "డబ్ల్యూ320 డేట్:2021..2022" అంటే రెండేళ్ళ మెయిల్స్‌లో కన్ను మూసి తెరిచేలోగా తేలుస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, పీడీఎఫ్ లోపలి మాటలు నాట్‌మచ్‌కి కనపడవు, ఫైల్ పేరు మాత్రమే. మీ పార్టీలు రేట్లు పీడీఎఫ్‌లో పంపుతుంటే సబ్జెక్ట్, ఫైల్ పేరు, పంపినవారు పట్టుకుని వెతకాలి.

ఇజీనారం_టెర్మినల్:

ఎంబిసింక్ మంచిదే, కానీ ఆ లాప్‌టాప్ డిస్క్‌లో చోటెంతో వాళ్ళు చెప్పలేదు. చోటు తక్కువైతే మ్యాక్స్‌సైజ్ 200కే పెట్టండి. అంతకన్నా పెద్ద మెయిల్స్‌కి చిన్న నమూనా మాత్రం వస్తుంది. అది మొత్తం కావాలంటే మట్‌లో పెద్ద ఎఫ్ నొక్కి ఫ్లాగ్ చేసి మళ్ళీ సింక్ చేస్తే పూర్తి మెయిల్ దిగుతుంది. రేట్ల మాటలు 10 కేబీ మెయిల్స్‌లోనే ఉంటాయి, స్కాన్ చేసిన కాగితాలు ఏడాదికోసారి కావాలి. మీ పనికి ఇది సరిపోతుందనుకుంటున్నాను.

ఎంబిసింక్‌తో జాగ్రత్త పడాల్సింది ఫైళ్ళ పేర్ల దగ్గర. ప్రతి ఫైల్ పేరులో కామా యు ఈక్వల్ అని ఒక నంబర్ ఉంటుంది, అది ఆ ఫోల్డర్‌లో ఆ మెయిల్ గుర్తు. మట్‌లోంచి సేవ్ చేస్తే కొత్త పేరు పెడుతుంది, ఇబ్బంది లేదు. స్క్రిప్ట్ రాసి ఫైళ్ళు జరిపే ఎంవీ కమాండ్‌తో ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి జరిపితే పాత నంబర్ వెంట వస్తుంది, అక్కడ అదే నంబర్‌తో ఇంకో మెయిల్ ఉంటే "డూప్లికేట్ యూఐడి" అని ఆ ఫోల్డర్ సింక్ ఆగిపోతుంది. జరిపేటప్పుడే పేరులోంచి ఆ ముక్క కోసేయండి. ఏ మెయిల్ దేనికి జతో ఎంబిసింక్ రాసుకునే స్టేట్ ఫైల్ (సింక్‌స్టేట్‌కి స్టార్ పెట్టుకుంటే ఫోల్డర్‌లోనే ఎంబిసింక్‌స్టేట్ పేరుతో ఉంటుంది) మాత్రం పనికిరానిదనుకుని తీసేయొద్దు. తీస్తే అటు ఇటు ఏది ఏదో తెలియక మెయిల్స్ అన్నీ రెండేసి అవుతాయి, 1,10,000 కాస్తా 2,20,000.

పలాస_పిక్కలు:

స్లీప్_టైమ్, మెయిల్‌బాక్సెస్ తగ్గించడం రెండూ చేశాను, ఫోల్డర్లు వెంటనే మారుతున్నాయి. డిస్క్‌లో 30 జీబీ ఖాళీ ఉంది, సర్వర్‌లో మెయిల్ 17 జీబీ. మ్యాక్స్‌సైజ్ 200కేతో మొదలుపెడతాను. ఒక్క సందేహం: సంవత్సరాల వారీగా విడదీయడం ఎంబిసింక్‌కి ముందా, తర్వాతా?

నాగావళి_993:

ముందే. సర్వర్‌లో విడదీసి, ఎక్స్‌పంజ్ చేసి, ఆ తర్వాత మొదటి సింక్ పెట్టండి. తర్వాత చేస్తే ఎంబిసింక్‌కి కొత్త ఫోల్డర్లలోనివి కొత్త మెయిల్స్ లాగే కనపడతాయి, దిగినదంతా మళ్ళీ దిగుతుంది.